అతుకు కనపడని చప్పుడు

బెల్టు ఫట్‌మనే లోపే చెల్లెలి కాలు నేలమీద తట్టింది.

మొదటిసారి ఆమె పట్టించుకోలేదు. రెండోసారీ అంతే. విచారణ గదిలో బల్లమీద పెట్టిన స్పీకర్లోంచి కోత ప్రెస్ చప్పుడు వస్తోంది. పలక ధన్‌మని మూసుకోవడం, మోటారు గుర్రుమనడం, మధ్య మధ్య బెల్టు ఫట్‌మని కొట్టుకోవడం. ఆ ఫట్‌ రావడానికి రవ్వంత ముందు ఆమె బొటనవేలు చెప్పులో కదులుతోంది. మూడోసారి కాలు తట్టేసరికి పక్కనున్న అక్క మోచేత్తో డొక్కలో పొడిచింది.

“కాలు ఆపు. ఇక్కడ నా పీక తెగుతుంటే నువ్వు తాళం వేస్తున్నావా?”

కాలు ఆపింది. కానీ చెవి ఆగలేదు. ఇప్పుడొస్తుంది అనుకుంది. వచ్చింది. మళ్లీ ఇప్పుడొస్తుంది అనుకుంది. మళ్లీ వచ్చింది. తానెప్పుడూ అడుగుపెట్టని ఫ్యాక్టరీలో, తానెప్పుడూ చూడని మిషన్ ఎప్పుడు ఫట్‌మంటుందో తన ఒంటికెలా తెలుసు?

అది అట్టపెట్టెల ఫ్యాక్టరీ. రెండు నెలల కింద అక్క నడిపే ప్రెస్, తెరుచుకుని ఆగాల్సింది ఆగకుండా మూసుకుంది. అట్ట పెడుతున్న ఆమె జోడీ కుడిచెయ్యి అందులో పడింది. మూడు వేళ్లు పోయాయి. ఆ జోడీని అందరూ పొట్టి అంటారు. ఎదురు బెంచీ మీద, చేతికి గుడ్డ చుట్టుకుని, అక్కకేసి చూడకుండా కూర్చుంది.

అక్క మాట ఒక్కటే. మిషన్ అరగంట ముందునుంచీ కటకటలాడుతోంది, మూడుసార్లు వెళ్లి సూపర్‌వైజర్‌కి చెప్పాను, నడపమన్నాడు. సూపర్‌వైజర్ మాటా ఒక్కటే. ఎవరూ ఏమీ చెప్పలేదు, మిషన్ బంగారంలా నడిచింది, ఈవిడే పరాకుగా మీట నొక్కింది. ఎవరి మాట నిజం? దానికి ఫ్యాక్టరీవాళ్లు సాక్ష్యం తెచ్చారు. స్తంభానికున్న కెమెరాలో బొమ్మ పాడైపోయిందట, చప్పుడు మాత్రం మిగిలిందట. ఎంత తెలివైన కెమెరా చూడండి, తన యజమానికి పనికొచ్చేదే మిగుల్చుకుంది. ప్రమాదానికి ముందు నలభై నిమిషాల చప్పుడు. అందులో కటకట లేదు. ఒక్కసారి కూడా లేదు. మధ్యలో మిషన్ బాగానే నడుస్తోందిగా అంటూ సూపర్‌వైజర్ గొంతు మాత్రం ఉంది.

అది నిలబడితే అక్క అబద్ధాలకోరు. తన జోడీ చెయ్యి తానే నరికినదని కాగితం మీద ఉంటుంది. ఉద్యోగం పోవడం తర్వాతి సంగతి. ఆ ముద్రతో ఇక ఏ మిషన్ దగ్గరికీ రానివ్వరు.

“అక్కా,” అంది చెల్లెలు, పెదవులు కదిలీ కదలకుండా. “ఇది మీ మిషన్ కాదు.”

“మా మిషనే. దాని ధన్ నాకు తెలీదా. కటకటే మాయమైంది.”

“అది కాదే. ఈ చప్పుడు నేను చేసింది.”

అక్క మెల్లగా తల తిప్పింది. “ఏం కూశావ్?”

చెల్లెలి పని అది. ఒక చిన్న స్టూడియోలో చప్పుళ్లకు అతుకులు వేస్తుంది. వాన, రైలు, జనం గోల, ఏదైనా సరే. పది సెకండ్ల ముక్క ఇస్తే, అది గంటసేపు తిరిగినా ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియకుండా చుట్టేస్తుంది. చెప్పినంత తేలిక కాదు. ముక్క చివరను మొదటికి కలిపినచోట తరంగం ఎత్తు ఒకటిగా లేకపోతే టక్‌మంటుంది. ప్రతి చుట్టుకూ ఒక టక్. పంటికింద రాయిలా. మిగతావాళ్లు తరంగం సున్నా గీతను తాకే చోటు వెతికి అక్కడ కోస్తారు. ఈమె అలా కాదు. నిండు సెకండ్ల దగ్గర కచ్చితంగా కోస్తుంది. ఆ తర్వాత చివరి కొసను సన్నగిలజేస్తూ, మొదటి కొసను దానిమీదే లేపుతూ, ఒకదాన్ని ఒకదాంట్లోకి కరిగిస్తుంది. ఎవరూ నేర్పలేదు. గోడకు తల కొట్టుకుని నేర్చుకుంది. స్టూడియో బాబాయ్ ఆమెను అతుకులమ్మ అంటాడు. బాబాయ్ అంటే సొంత బాబాయే, నాన్న తమ్ముడు.

ఆరువారాల కింద ఒక మధ్యవర్తి మూడు ముక్కలు తెచ్చాడు. మోటారు, బెల్టు, పలక. కొత్తవాళ్లకు శిక్షణ కోసమన్నాడు. ఏ ఫ్యాక్టరీ అని ఆమె అడగలేదు. ఇంట్లో పని ముందేసుకుంటే అక్క గోడకు తిరిగి పడుకుని, “ఆ మిషన్ గోల ఆపు, నా వల్ల కాదు,” అంది. అప్పటినుంచీ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని చేసింది. అక్కను ఉరితీసే తాడు అక్క మంచం పక్కనే కూర్చుని పేనింది. అదీ, ముడి కనపడకుండా.

ఇదంతా ఆమె గుసగుసగా చెబుతుంటే అక్క మొహంలో రంగులు మారాయి. కొడుతుందేమో అనిపించింది. కొట్టలేదు.

“నాకు చెప్పి ఏం లాభం,” అంది అక్క, పళ్లు బిగించి. “లేచి ఆవిడకి చెప్పు.”

“బాబాయ్ స్టూడియో…”

“లేస్తావా, నేను లేపనా?”

చెల్లెలు లేచింది. కుర్చీ కిర్రుమంది. అందరూ తలెత్తారు.

“మేడమ్, ఆ చప్పుడు ఆపండి. అది ఫ్యాక్టరీలో రికార్డు చేసింది కాదు. పదకొండు సెకండ్ల ముక్కని చుట్టి చుట్టి తిప్పింది. తిప్పింది నేనే.”

విచారణాధికారి నడివయసు మనిషి. కళ్లజోడు ముక్కుమీదికి జార్చుకుని పైనుంచి చూసే అలవాటు. ఉదయం నుంచి ఆమె మొహం చూసి ఎవరూ ఏమీ పోల్చుకోలేకపోయారు. ఇప్పుడూ అంతే.

“మీరెవరు?”

ఫ్యాక్టరీ వకీలు అందుకున్నాడు. “ఆమె చెల్లెలండి. మునిగేవాళ్లు గడ్డిపోచనైనా పట్టుకుంటారు. పాపం, ఈమె ఆ గడ్డిపోచ.”

“గడ్డిపోచో దూలమో చూస్తే తెలుస్తుంది,” అన్నారు అధికారి. “నిరూపించగలవా అమ్మాయ్?”

“అసలు ఫైళ్లు స్టూడియోలో ఉన్నాయండి. పని అయ్యాక నా దగ్గర ఉంచుకోను. ఫోన్ చేస్తాను.”

“చెయ్యి. ఒంటిగంటకి నేను రాతకోతలు ముగించి సంతకం పెడతాను. ఇప్పుడు పన్నెండుంబావు.”

వసారాలోకి వెళ్లి ఫోన్ చేసింది. బాబాయ్ అంతా విన్నాడు. వింటున్నంతసేపూ అతని ఊపిరి వినపడుతూనే ఉంది.

“ఆ ఫైళ్లు లేవు తల్లీ. పని ఇవ్వగానే తీసెయ్యమన్నారు. తీసేశాను.”

“ఒక్క కాపీ కూడా లేదా?”

“లేదంటున్నాగా. అయినా మనం వంటవాళ్లం. వండి పెట్టాం. ఎవడు తిన్నాడో, ఎవడికి పెట్టాడో మనకెందుకు?”

“విషం కలిపి అక్కకే పెట్టారు బాబాయ్.”

“ఇలా పని తెచ్చినవాళ్ల గుట్టు రచ్చకీడిస్తే ఇంకెవడూ మన గడప తొక్కడు. ఆలోచించుకో.”

“ఆలోచించాను. ఇప్పటికే లేచి చెప్పేశాను.”

ఫోన్ పెట్టేసింది. అసలు ఫైళ్లు లేవు. ఇక ఉన్నదల్లా ఆ నలభై నిమిషాల చప్పుడు, దానిలో ఎక్కడా దొరకకుండా తానే కరిగించేసిన అతుకులు. దొరకని అతుకు వేయడమే తన గొప్ప. ఇప్పుడా గొప్పే గొంతుకు అడ్డం పడింది.

లోపలికొచ్చి సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి బల్లమీద పెట్టింది. “ఆ ఫైలు కాపీ ఇవ్వండి మేడమ్. మీ ముందే చూపిస్తాను.”

వకీలు అభ్యంతరం చెప్పాడు. అధికారి గుమాస్తాను పిలిచి, “ఈ పిల్ల పక్కనే కూర్చో. ఏం నొక్కుతుందో చూస్తూండు,” అన్నారు. గుమాస్తా కుర్చీ లాక్కుని, దొంగను పట్టేవాడిలా ఆమె వేళ్లమీదే చూపు పెట్టాడు.

“చప్పుడంటే తరంగం,” అంది చెల్లెలు. “మిట్టలూ పల్లాలూ. దాన్ని తలకిందులు చేస్తే మిట్టలు పల్లాలవుతాయి, పల్లాలు మిట్టలవుతాయి. అసలుదాన్నీ తలకిందులుదాన్నీ ఒకదానిమీద ఒకటి పెడితే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఏమీ మిగలదు.”

“ఏ చప్పుడైనా అంతేగా?” అన్నాడు వకీలు.

“అదే చోట పెడితే ఏదైనా అంతే. నేను తలకిందులుదాన్ని పదకొండు సెకండ్లు పక్కకి జరుపుతాను. నిజం మిషనైతే పదకొండు సెకండ్ల కింద చేసిన చప్పుడూ ఇప్పటి చప్పుడూ ఒకటి కావు. ఎంత మంచి మిషనైనా ఒక తిరుగుడు తిరిగినట్టు ఇంకోటి తిరగదు. చుట్టిన ముక్కయితే ఒకటే. తినేస్తుంది.”

అధికారి పైకి చూశారు. “ముందు ఈ ఫ్యాను మీద చూపించు.”

గుమాస్తా తన ఫోన్లో రెండు నిమిషాలు ఫ్యాను చప్పుడు పట్టాడు. చెల్లెలు దాన్ని తలకిందులు చేసి, జరిపి, కలిపి వినిపించింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మూడు సెకండ్లు జరిపింది, అయిదు జరిపింది. పోలేదు. అధికారి తలాడించారు.

“సరే. ఇప్పుడు మిషన్.”

పన్నెండూ ముప్పైఅయిదు. చెల్లెలు ఫైలు తెరిచింది. కాపీ తీసింది. తలకిందులు చేసింది. పదకొండు సెకండ్లు జరిపింది, వెంట్రుకవాసి తేడా లేకుండా. అక్క వెనకనుంచి ఆమె కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. నొక్కింది.

ధన్. ధన్. ధన్.

మిషన్ నడుస్తూనే ఉంది. ఇంకా గట్టిగా, రెండు మిషన్లు కొట్టుకుంటున్నట్టు.

ఎవరో నవ్వారు. సూపర్‌వైజరే. ఉదయం నుంచి అతను పళ్లు కనపడేలా నవ్వడం ఇదే మొదలు. వకీలు నవ్వలేదు, అంతకన్నా పెద్ద పనే చేశాడు. రెండు చేతులూ చాచి, “చూశారుగా మేడమ్. ఫ్యానూ పోలేదు, మిషనూ పోలేదు. ఫ్యాను నిజమైతే మిషనూ నిజమే. మాకు సాక్షి కావాలంటే ఇంతకన్నా మంచిది దొరకదు,” అన్నాడు.

అక్క చెయ్యి కుర్చీ వీపు మీదనుంచి జారింది.

“రాసుకో,” అన్నారు అధికారి గుమాస్తాతో. “చెల్లెలు చేసిన పరీక్షలో రుజువు కాలేదు…”

“ఒక్క నిమిషం మేడమ్.”

“అమ్మాయ్, నీ బాధ నాకర్థమైంది. కానీ…”

“ఇంకొక్కసారి వింటాను. నాకోసం.”

అధికారి గడియారం చూసి, వద్దనలేదు. చెల్లెలు మళ్లీ నొక్కి కళ్లు మూసుకుంది. ధన్. ధన్. మోటారు గుర్రు. చెప్పులో బొటనవేలు లేచింది, ఫట్‌ కోసం. ఫట్‌ రాలేదు. ఆగింది. మళ్లీ వేలు లేచింది. మళ్లీ రాలేదు.

బెల్టు లేదు. బెల్టు ఒక్కటే పోయింది.

అప్పుడు గుర్తొచ్చి ఆమెకు తన చెంప తానే వాయించుకోవాలనిపించింది. మొదట మూడు ముక్కలూ కలిపి పదకొండు సెకండ్లకు చుట్టింది నిజమే. అది తిప్పి పంపేశారు. ‘వినగా వినగా మళ్లీ అదే వస్తోందని తెలిసిపోతోంది’ అన్నాడు మధ్యవర్తి. ఆమెకు పౌరుషం వచ్చింది. మూడింటినీ విడదీసి, మోటారును ఏడు సెకండ్లకు, బెల్టును పదకొండుకు, పలకను పదమూడుకు విడివిడిగా చుట్టి ఒకదానిమీద ఒకటి పరిచింది. ఒకటి ముగిసేచోట మిగతా రెండూ నడుస్తూంటాయి. బ్రహ్మదేవుడు దిగొచ్చినా పట్టుకోలేడని మురిసింది. ఇంత నునుపు శిక్షణకెందుకురా అని అప్పుడైనా అనుకుందా? లేదు. మెప్పు తలకెక్కితే ప్రశ్న నోటికి రాదు.

“మేడమ్, ఇది ఒక చుట్టు కాదు, మూడు చుట్లు,” అంది చెల్లెలు. “ముగ్గురు మనుషులు ఒకే మైదానం చుట్టూ నడుస్తున్నారనుకోండి. ఒకడికి ఏడు, ఒకడికి పదకొండు, ఒకడికి పదమూడు సెకండ్లు పడుతుంది ఒక చుట్టుకి. ముగ్గురూ ఒకేచోట బయల్దేరారు. మళ్లీ ముగ్గురూ ఒకేసారి అక్కడికి రావాలంటే ఏడు పదకొండ్లు డెబ్బైఏడు, డెబ్బైఏడు పదమూళ్లు…”

“వెయ్యిన్నొకటి,” అన్నాడు గుమాస్తా. అందరూ అతనికేసి చూశారు. అతను తల దించుకున్నాడు.

“వెయ్యిన్నొక్క సెకండ్లు. పదహారు నిమిషాల నలభైఒక్క సెకండ్లు. అంత జరపాలి.”

“పదకొండు కాకపోతే వెయ్యి, వెయ్యి కాకపోతే లక్ష,” అన్నాడు వకీలు. “ఇలా ఎంతసేపు మేడమ్?”

“ఒంటిగంట వరకు,” అన్నారు అధికారి. “కానివ్వు అమ్మాయ్.”

పన్నెండూ నలభైఎనిమిది. తొందరలో అంకె తప్పు పడింది. చెరిపి మళ్లీ కొట్టింది. గుమాస్తా తెరమీదికి వంగి, అంకె అంకె చదివి, “సరిగ్గానే ఉంది మేడమ్,” అన్నాడు. రెండూ ఒకదానిమీద ఒకటి పడే చోటినుంచి చెల్లెలు నొక్కింది.

ఏమీ రాలేదు.

స్పీకరు పోయిందేమోనని గుమాస్తా దానిమీద చెవి పెట్టాడు. లోపల ఎక్కడో చీమలు పాకుతున్నంత చప్పుడుంది, ఫైలు కుదించినప్పుడు మిగిలిన పొట్టు. అంతే. ధన్ లేదు, గుర్రు లేదు, ఫట్‌ లేదు. తెరమీద గీత మాత్రం నడుస్తోంది. గదిలో ఫ్యాను తిరగడం మొదటిసారి వినపడింది.

“మీ మిషన్ ఏదండీ?” అన్నారు అధికారి, ఎవరినీ చూడకుండా.

వకీలు నోరు తెరిచాడు. అధికారి చెయ్యెత్తి ఆపారు. “మొత్తం వినాలని పొద్దున్న పట్టుబట్టింది మీరే. విందాం.”

ఒక నిమిషం గడిచింది. రెండు. ఎవరూ కదల్లేదు. పొట్టి, గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, స్పీకరునే చూస్తోంది. సూపర్‌వైజర్ చొక్కా పైగుండీ విప్పుకున్నాడు. చెల్లెలికి అర్థం కాలేదు, అతనికెందుకంత ఉక్క. మూడో నిమిషం దాటింది.

ఆ నిశ్శబ్దంలోంచి, బావిలోంచి వచ్చినట్టు, ఒక గొంతు వచ్చింది.

“ఏమ్మా, మిషన్ బాగానే నడుస్తోందిగా? ఊఁ, కానివ్వండి.”

మళ్లీ ఏమీ లేదు.

పొద్దున్న ఇదే మాట మిషన్ రొదలో కలిసి ఎంత నిజంగా వినపడిందో. ఇప్పుడు కింద మిషన్ లేదు. ఆ గొంతు ఒక్కటే, బట్టల్లేకుండా నడివీధిలో నిలబడినట్టుంది. చుట్టుకు చుట్టు సరిపోయి మిషనంతా ఒకదాన్నొకటి తినేసింది. పైనుంచి అతికించిందొక్కటే తినడానికి జోడు దొరక్క మిగిలిపోయింది.

“అది మీ గొంతేనా?” అన్నారు అధికారి.

సూపర్‌వైజర్ వకీలుకేసి చూశాడు. వకీలు కాగితాలకేసి చూశాడు.

“మిమ్మల్నే. మీ గొంతేనా?”

“నాదేనండి.”

“ఎక్కడ నిలబడి అన్నారు?”

“ఆఫీసు గదిలో. తలుపేసి.” ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే అన్నాడు, “నన్ను చదవమన్నారండి. కాగితం మీద రాసిచ్చారు.”

“అసలు రికార్డు?”

“ఉందండి. ఆ రోజుది. మేనేజరు దగ్గర.”

“అందులో కటకట ఉందా?”

అతను తలూపాడు. అధికారి కలం మూత తీసి, పొద్దుటినుంచి రాసిన కాగితం మీద అడ్డంగా ఒక గీత గీశారు. “అసలు రికార్డు సాయంత్రం నాలుగుకి నా బల్లమీద ఉండాలి. ఈ మనిషి మీద ఆరోపణ నిలవదు.” ఈ మనిషి అన్నప్పుడు కలంతో అక్కను చూపించారు.

అక్క ఏడవలేదు, దణ్ణం పెట్టలేదు. ఎదురు బెంచీకేసి నడిచింది. పొట్టి అప్పుడు తలెత్తింది, రెండు నెలల తర్వాత.

“ఎన్నిసార్లు చెప్పావే వాడికి?”

“మూడుసార్లు.”

“నాకెన్నిసార్లు చెప్పావ్?”

పక్కనే చోటుంది గానీ అక్క కూర్చోలేదు.

“పక్కనున్న నాకు ఒక్క మాట చెప్తే చెయ్యి పెట్టేదాన్నా?” అంది పొట్టి. కోపంగా అనలేదు, అదే ఘోరంగా ఉంది. “కూర్చో. నిలబడితే మెడ నొప్పెడుతోంది నీకేసి చూడ్డానికి.”

అక్క కూర్చుంది, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి.

ఇటు గుమాస్తా కొత్త కాగితం తీశాడు. చెల్లెలి వాంగ్మూలం రాసుకోవాలి. ఎవరు తెచ్చారు, ఎన్ని ముక్కలు, ఎన్ని రోజులు పట్టింది, స్టూడియో ఎవరిది. స్టూడియో పేరు చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గింది. గుమాస్తా మళ్లీ చెప్పమన్నాడు. చెప్పింది.

“ఈ పని దేనికోసమని మీకు చెప్పారు?” అన్నారు అధికారి.

“కొత్తవాళ్లకి శిక్షణకని.”

“శిక్షణకి వాడే చప్పుడు ఎవరికీ దొరక్కుండా ఎందుకుండాలో మీరు అడిగారా?”

చెల్లెలు బల్లమీద గీతలు చూస్తూ ఉండిపోయింది. గుమాస్తా కలం ఆగింది.

“అడగలేదు మేడమ్,” అంది బెంచీ మీదినుంచి అక్క. “అది కూడా రాయించండి. దాని నోటితోనే చెప్పించి రాయించండి.”

వకీలు కూడా తిరిగి చూశాడు. అక్క మొహంలో జాలి లేదు. పగా లేదు. మూడుసార్లు వెళ్లి చెప్పిన మనిషి మొహం అది.

“అడగలేదు,” అంది చెల్లెలు.

గుమాస్తా రాశాడు. ఆమె ఆ వరుస రెండుసార్లు చదువుకుని, కింద సంతకం పెట్టింది.